ముందుగదిలో కండక్టరమ్మ

"అయ్యో, నా గౌను!"

టైలరమ్మ నోట ముందు వచ్చిన మాట అదే. కింద పడ్డ మనిషి ఊసు లేదు. తర్వాత ఆ సంగతి గుర్తొచ్చి ఆమెకే సిగ్గేసింది గానీ, అప్పటికి ఆమె ఆ మాట అననే అంది, వినాల్సిన మనిషి విననే విన్నది.

మంచానికీ కుట్టుమిషనుకీ మధ్యనున్న ఆ ఇరుకులో కండక్టరమ్మ నేలమీద కూలబడి ఉంది. ఆమె గుప్పిట్లో పెళ్ళికూతురి తెల్లగౌను కింది భాగం ఉంది. పై భాగం మాత్రం తలుపుకు తగిలించిన హ్యాంగరు మీదే ఉండిపోయింది. టానిక్ సీసా దొర్లి, మూత ఎటో పోయి, లోపలి గోధుమరంగు మందంతా శాటిన్ గుడ్డ మీద తీరుబడిగా పాకుతోంది.

"పడిపోతూ చేతికి అందింది పట్టుకున్నాను," అంది కండక్టరమ్మ. "బస్సులో అయితే పైన కడ్డీ ఉంటుంది. మీ ఇంట్లో గౌను ఉంది."

ఇంకొకరైతే నవ్వేవాళ్ళే. టైలరమ్మకు ఒళ్ళు మండింది. మండిన ఒళ్ళు మండినట్టే ఉంచుకుని, వంగి, ఆమె చంకల కింద చేతులు వేసి లేపింది. తుంటి ఎముక విరిగి ఆపరేషనైన మనిషిని లేపడం మాటలు కాదు. మంచం మీద కూర్చోబెట్టేసరికి టైలరమ్మ నడుము పట్టేసింది.

"దెబ్బేం తగల్లేదు కదా?"

"తగిలితే అరిచేదాన్నిగా."

"లేవాలంటే పిలవమని ఎన్నిసార్లు చెప్పాను పిన్నీ? వంటింట్లోనే ఉన్నానుగా."

"పిలిస్తే వస్తావు. రావని నేననలేదు."

"మరి పిలవడానికేం?"

"వచ్చి మొహం పెడతావు."

"ఏం మొహం?"

"ఇదిగో, ఇప్పుడు పెట్టావే. అదే."

టైలరమ్మ చేతిలోని గుడ్డ ఆగిపోయింది. నేలమీద మందు తుడుస్తున్నదల్లా తలెత్తి చూసింది.

"నేనెప్పుడైనా విసుక్కున్నానా మీమీద? ఒక్కమాటన్నా అన్నానా?"

"అనలేదు. అంటే బాగుండేది. నువ్వొక మాటంటే నేనో మాటంటాను, అక్కడికి చెల్లు. మొహానికి ఏం జవాబు చెప్పను?"

టైలరమ్మ మళ్ళీ తల వంచుకుని నేల తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బస్సులో టికెట్లు కొట్టిన మనిషి కండక్టరమ్మ. వెనకసీటు దాకా వినిపించే గొంతు ఆమెది. మొగుడూ పిల్లలూ లేరు. కాలుజారి పడి ఆసుపత్రిలో ఉండగానే, ఆమె అద్దెకుంటున్న గదిని ఇంటివాళ్ళు ఇంకొకరికి ఇచ్చేశారు. ఆదివారం మందిరంలో చివరి బెంచీ మీద కూర్చుని, ప్రసంగం పొడవైతే గడియారం చూస్తూ దగ్గే మనిషి కాబట్టి, సంఘంలో ఆమెకు అయినవాళ్ళు అంటూ ఎవరూ లేరు. అలాంటి మనిషిని తీసుకొచ్చి ఈ ఇంటి ముందుగదిలో పడుకోబెట్టిన పుణ్యం టైలరమ్మ భర్తది. ఆ ముందుగదే టైలరమ్మ దుకాణం. కండక్టరమ్మకు మంచం వేశాక కిటికీ దగ్గరి మిషను మూలకు పోయింది, గుడ్డలు కత్తిరించే బల్ల వరండాలోకి పోయింది, పెళ్ళి గౌను తలుపెక్కింది.

ఇప్పుడు గౌను కూడా పోయింది.

మధ్యాహ్నం కాకముందే పెళ్ళికూతురి తల్లి వచ్చింది. ఆవిడా అదే సంఘం. మంచంమీద మనిషిని చూసి నవ్వింది, పలకరించింది, ఆరోగ్యం అడిగింది. తర్వాత గౌను చూసింది.

"కింద భాగమంతా తీసేసి కొత్తది వేస్తానండీ," అంది టైలరమ్మ. "అదే గుడ్డ దొరుకుతుంది. రాత్రీపగలూ కూర్చునైనా పెళ్ళినాటికి ఇచ్చేస్తాను. తేడా మీకు కూడా తెలియదు."

"ఎక్కడ కూర్చుంటావమ్మా?" అందావిడ గది చుట్టూ చూస్తూ. "నువ్వు చాలా గొప్ప పని చేస్తున్నావు. మేమెవరం చెయ్యలేం. దేవుడు నిన్ను దీవిస్తాడు. కానీ నా కూతురికి ఇది ఒక్కసారి వచ్చే రోజు. మందుల వాసన వేసే గౌను తొడుక్కుని మందిరంలోకి ఎలా నడుస్తుంది, నువ్వే చెప్పు."

"వాసన ఎందుకు వస్తుందండీ, ఉతికి..."

"ఏమీ అనుకోకు. తోడు పెళ్ళికూతుళ్ళ గుడ్డలు కూడా ఇచ్చెయ్యి. వేరేచోట కుట్టించుకుంటాం."

దీవెన ఇచ్చి గుడ్డలు పట్టుకుపోయింది. వీధి చివరిదాకా ఆవిడ చేతిలో తెల్ల శాటిన్ వేలాడుతూ కనిపించింది. ఆ పెళ్ళికి ఇంకొకరు కుడతారు. రేపు మందిరంలో ఎవరు కుట్టారని అడిగితే వాళ్ళ పేరు చెబుతారు. అడిగినవాళ్ళు తమ ఇంటి పెళ్ళికి కూడా వాళ్ళ దగ్గరికే వెళతారు. టైలరమ్మ పని ఇలాగే ఒకరి నోట ఒకరికి పాకి వచ్చిన పని. వచ్చిన దారినే పోతుందని ఆమెకు తెలుసు.

భర్త భోజనానికి వచ్చేసరికి ఆమె వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆయన్ని అందరూ కరెంటు మేస్త్రి అంటారు. వైర్లతో మాట్లాడినంత బాగా మనుషులతో మాట్లాడలేడు. చేతులు కడుక్కుని కూర్చుని, భార్య మొహం చూసి, తలొంచుకుని తినడం మొదలుపెట్టాడు.

"పెళ్ళి ఆర్డరు పోయింది," అంది.

"విన్నాను. దారిలో చెప్పారు."

"ఆమె ఈ ఇంట్లో ఉంటే నాకు పని ఉండదు. నాకు పని ఉండాలంటే ఆమె ఉండకూడదు. రెండూ కుదరవు. మీరే తేల్చండి."

మేస్త్రి ఇంకో ముద్ద కలిపాడు.

"మాట్లాడండి! కూటంలో లేచి నిలబడింది మీరు, నడుం విరిగేలా వంగుతున్నది నేను. మీకేం? పొద్దున పోయి సాయంత్రం వస్తారు. వచ్చి 'ఎలా ఉన్నారమ్మా' అంటారు. ఆమె మీతో నవ్వుతూ మాట్లాడుతుంది. నాతోనేమో నా మొహం బాలేదంటుంది."

"నిజమే," అన్నాడు.

"నిజమేనా! అంతేనా మీరు అనేది? అవున్లెండి, మీ దగ్గర ప్రేమ ఉంది. ప్రేమ ఉన్నవాళ్ళకి అన్నీ తేలికే. లేనివాళ్ళకే ఈ పాట్లన్నీ."

మేస్త్రి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఆ మాట అనకు."

"ఏ మాట?"

"నా దగ్గర ప్రేమ ఉందని."

టైలరమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆయన గుటకలు మింగుతున్నాడు. తింటున్నది అన్నం కాదు, ఏదో మాట.

"ఆ రోజు కూటంలో... మధ్య ఫ్యాను టకటకా కొట్టుకుంటోంది. గుర్తుందా?"

"ఇప్పుడు ఫ్యాను గోల ఎందుకండీ?"

"దాన్ని ఆపుదామని లేచాను."

ఆమెకు వెంటనే ఎక్కలేదు. ఎక్కాక చేతిలోని గరిటె పక్కన పెట్టేసింది.

వాళ్ళ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా కష్టం వస్తే, ప్రార్థన కూటంలో పాస్టరు అయ్యగారు ఆ సంగతి చెప్పి ఊరుకుంటారు. ఎవరినీ పేరు పెట్టి పిలవరు, ఇంటింటికీ తిరిగి అడగరు. మోయదలచుకున్నవాళ్ళు లేచి నిలబడతారు, మిగతావాళ్ళు ఆమెన్ అంటారు, అంతటితో అయిపోయినట్టే. నిలబడినవాళ్ళు మళ్ళీ కూర్చున్నది ఆ మందిరంలో ఎవరూ చూడలేదు. ఆ మందిరంలోని దీపాలూ ఫ్యాన్లూ మేస్త్రి బిగించినవే. ఏదైనా చప్పుడు చేస్తే ఆయన మనసుకంటే ముందు కాళ్ళు లేస్తాయి.

"నేను లేచాను. అందరూ ఆమెన్ అన్నారు," అన్నాడు మేస్త్రి. "అయ్యగారు వచ్చి నెత్తిమీద చెయ్యి పెట్టారు. ఆ చేతికింద నుంచి 'అయ్యగారూ, ఫ్యాను' అని ఎలా అనను?"

టైలరమ్మకు నవ్వొచ్చింది. వద్దనుకున్నా ఆగలేదు. కడుపు పట్టుకుని, గోడకు చేరగిలబడి నవ్వింది. మేస్త్రి కూడా కాస్త ధైర్యం తెచ్చుకుని నవ్వబోయాడు. ఇంతలో ఆమె నవ్వు ఎక్కడ తెగిందో తెగింది.

"ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఆ రోజు ఆడవాళ్ళ వైపు నుంచి నన్ను చూసిన చూపు... పెళ్ళయ్యాక నువ్వు నన్ను ఎప్పుడూ అలా చూడలేదు. పాడుచెయ్యబుద్ధి కాలేదు."

అది నిజం. ఆమె చూసింది. ఇన్నేళ్ళు కాపురం చేసి ఈ మనిషి ఇంత గొప్పవాడని తెలుసుకోలేకపోయానే అనుకుని, ఆ కూటంలోనే కళ్ళు తుడుచుకుంది. బెడ్‌ప్యాన్ మోసిన ప్రతిసారీ, తడిసిన దుప్పటి పిండిన ప్రతిసారీ, ఆ నిలబడ్డ మనిషినే తలుచుకుంది.

"నా దగ్గర ప్రేమ లేదండీ," అంది. "మొదటినుంచీ లేదు. మీ దగ్గర ఉందనుకున్నాను. అందులోంచి తీసుకుని చేస్తున్నాను. ఇప్పుడు మీ దగ్గరా లేదంటే, మరి ఇంతకాలం నేను చేసింది దేంతో?"

మేస్త్రి కంచం దూరంగా జరిపాడు.

"అంటే ఈ ఇంటికి ఆమెను రమ్మన్నవాళ్ళు ఎవరూ లేరన్నమాట!"

ఆ మాట గట్టిగానే అంది. అన్నాక గుమ్మం వైపు చూసింది. వంటింటికీ ముందుగదికీ మధ్య ఉన్నది తలుపు కాదు, తెర. రోజూ ఈ వేళకి తెర అవతల నుంచి దగ్గో, సణుగుడో, 'టీ ఏమైనా ఉందా' అన్న కేకో వినిపిస్తుంది. ఇప్పుడు ఉలుకూ పలుకూ లేదు.

ఆ సాయంత్రం కండక్టరమ్మను చూడటానికి అయ్యగారు రావాల్సి ఉంది. వచ్చారు. ముందుగదిలోకి తొంగిచూసి, కండక్టరమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉండటంతో లేపకుండా వంటింట్లోకి వచ్చి కూర్చున్నారు. టైలరమ్మ ఆయన్ని టీ తాగనివ్వలేదు.

"మీతో ఒక సంగతి చెప్పాలి అయ్యగారూ. ఆ రోజు మా ఆయన లేచింది..."

"ఫ్యాను కోసం," అన్నారు అయ్యగారు.

మేస్త్రి తెల్లబోయాడు.

"ఆయన చూపంతా పైకప్పు మీదే ఉందమ్మా. నేను ఎదురుగా నిలబడి చూస్తున్నాను కదా."

"తెలిసి కూడానా!"

"తెలిసే. ఆసుపత్రివాళ్ళు ఆ రోజే ఆమెను తీసుకెళ్ళిపోమన్నారు. ఎంతసేపు చూసినా ఎవరూ లేవలేదు. ఈయన లేచారు. నేను గబగబా వచ్చి చెయ్యి పెట్టేశాను."

టైలరమ్మకు అయ్యగారి ఎదుట గొంతు పెంచిన అలవాటు లేదు. ఆ అలవాటు ఇప్పుడు చేసుకుంది.

"ఎంత బాగుందండీ! ప్రతి ఆదివారం ప్రేమ, ప్రేమ అని మాకు చెప్పేది మీరు. ప్రభువు తన్నుతాను అప్పగించుకున్నాడు, ఎవరూ లాగలేదు అంటారు. మరి మమ్మల్నెందుకు లాగారు? ఒకరి మెడకు ఒకర్ని కట్టేసి దానికి ప్రేమ అని పేరు పెడితే సరిపోతుందా? ఈ ఇంట్లో చాకిరీ ఎవరు చేస్తారో కనీసం నన్నొక మాట అడిగారా?"

"అడగలేదు. తప్పే," అన్నారు అయ్యగారు. ఆయన ఎదురు చెప్పకపోవడంతో ఆమె కోపానికి నిలబడే చోటు లేకుండా పోయింది.

అయ్యగారు టీ గ్లాసు పక్కన పెట్టారు.

"వృద్ధాశ్రమంలో ఒక మంచం ఖాళీ అయింది," అన్నారాయన. "తిండికి లోటుండదు. చూసుకునేవాళ్ళు తక్కువ, ఉన్నవాళ్ళు ఎక్కువ. ఫోన్ చేస్తే రేపు పొద్దున వ్యాను వస్తుంది. ఈసారి ఎవరూ లేచి నిలబడక్కర్లేదు. మిమ్మల్నే అడుగుతున్నానమ్మా. పంపమంటే పంపేస్తాను. సంఘంలో మిమ్మల్ని ఎవరూ ఒక్కమాట అనకుండా చూసే బాధ్యత నాది."

ఇన్నాళ్ళూ ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూసిన ప్రశ్న అది. 'పంపేయండి' అన్న మాట నాలుక చివరే ఉంది. కానీ ఆ మనిషి వెనకాల ఆ మాట అనడం ఎందుకో నచ్చలేదు.

"ఆమె మొహం మీదే చెప్పి వస్తాను," అని లేచింది.

తెర తీసేసరికి కండక్టరమ్మ పడుకుని లేదు. మంచం అంచున కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. ఒళ్ళో గుడ్డసంచి, ఎదురుగా పట్టుకుని నడిచే వాకరు.

"ఇన్నాళ్ళూ టికెట్ లేని ప్రయాణం చేశానన్నమాట," అంది. "నా డ్యూటీలో అలాంటివాళ్ళని ఎక్కడ దొరికితే అక్కడ దింపేసేదాన్ని. గోల చెయ్యకుండా దిగుతాను, భయపడకు."

టైలరమ్మ చూపు కిందికి దిగింది. కండక్టరమ్మ నైటీ తడిసి ఉంది. కింద దుప్పటి తడిసి ఉంది. ఎంతసేపట్నుంచో మరి, ఆ తడిలోనే పడుకుని, పిలవకుండా, ఆ తడిలోనే లేచి కూర్చుని తల దువ్వుకుంది.

టైలరమ్మ పెరట్లోకి వెళ్ళి బక్కెట్టుతో గోరువెచ్చని నీళ్ళూ, తువ్వాలూ, ఉతికిన నైటీ తెచ్చింది.

"అక్కర్లేదు. ఆశ్రమంలో మారుస్తారు."

"రేపు పొద్దుటిదాకా ఇలాగే కూర్చుంటావా?"

"కూర్చుంటాను. నువ్వు మాత్రం ఆ మొహం పెట్టుకుని నన్ను ముట్టుకోకు."

"మొహం నాది పిన్నీ. నా ఇష్టమొచ్చినట్టు పెట్టుకుంటాను. చెయ్యెత్తు!"

కండక్టరమ్మ బిత్తరపోయి చెయ్యెత్తింది.

టైలరమ్మ తుడుస్తూనే తిట్టింది. గౌను గురించి తిట్టింది. పట్టుకోవడానికి మంచం కోడు ఉండగా శాటినే దొరికిందా అంది. పొద్దున్నే టీలో చక్కెర తక్కువైందని కేకలు వేస్తావు, అవసరానికి మాత్రం నోరు పడిపోతుందా అంది. కండక్టరమ్మ ఊరుకునే రకమా? నీ టీకి చక్కెర వేసినా ఒకటే వెయ్యకపోయినా ఒకటే అంది. తలుపుకు గౌను తగిలించడం ఏ ఊరి తెలివి అంది. నీళ్ళు చల్లారిపోతున్నాయి, తిట్లు తర్వాత తిట్టు అంది. తుంటి మీది కుట్ల మచ్చ దగ్గరికొచ్చేసరికి టైలరమ్మ చెయ్యి దానంతటదే నెమ్మదించింది. నోరు మాత్రం నెమ్మదించలేదు. ఆ గదిలో రెండు గొంతులు ఒకేసారి వినిపించడం అదే మొదలు.

తెర అవతల అయ్యగారు గొంతు సవరించుకున్నారు. పక్కన మేస్త్రి కాళ్ళు కూడా కనిపిస్తున్నాయి.

"ఏమంటారమ్మా? ఫోన్ చెయ్యమంటారా?"

"నన్ను కాదు అయ్యగారూ, ఈమెను అడగండి," అంది టైలరమ్మ నైటీ బొత్తాలు పెడుతూ. "వచ్చేటప్పుడు ఎవరూ అడగలేదు. పోయేటప్పుడైనా అడగండి."

బస్సంతా దద్దరిల్లేలా అరిచిన కండక్టరమ్మ, అడిగేసరికి నైటీ అంచు వేళ్ళకు చుట్టుకుంది. తర్వాత టైలరమ్మ మణికట్టు పట్టుకుంది.

"ముందు నువ్వు చెప్పు. కూటంలో చెప్పే మాట వద్దు, నిజం చెప్పు. నేనిక్కడ ఉండాలని నీకు ఉందా?"

అబద్ధం ఆడటానికి అంతకంటే మంచి అవకాశం రాదు. అవతల అయ్యగారు వింటున్నారు, మొగుడు వింటున్నాడు. అవునంటే అందరూ స్తోత్రం అంటారు. టైలరమ్మ తనలో తాను వెతుక్కుంది. ప్రేమ అనదగినదేదీ ఆమెకు కనబడలేదు. నడుం నొప్పి కనబడింది.

"లేదు," అంది. "నా గది నాకు కావాలి. నా పని నాకు కావాలి. నువ్వు ఉండాలని నాకు లేదు."

తెర కదిలింది.

"అయినా ఉండు," అంది. "మా ఆయన లేచాడని కాదు, అయ్యగారు చెప్పారని కాదు. నేను చెబుతున్నాను. ఉండు, చేస్తాను. మొహం మాత్రం మంచిగా పెడతానని మాటివ్వలేను."

కండక్టరమ్మ ఆమెను తేరిపార చూసింది. పట్టుకున్న మణికట్టును ఒకసారి గట్టిగా నొక్కి వదిలేసింది.

"ఆసుపత్రి నుంచి వచ్చాక నాతో నిజం మాట్లాడినదానివి నువ్వొక్కదానివే," అంది. "గది కావాలన్నావుగా. తీసుకో."

"అది కాదు పిన్నీ నేనన్నది..."

"విన్నాను. 'ఉండు' అన్న చివరి మాట కూడా విన్నాను. అది విన్నాక నీ పని మింగి ఎలా కూర్చోను?" కండక్టరమ్మ తెరవైపు తిరిగింది. ఒకప్పటి బస్సు గొంతు బయటికి తీసింది. "అయ్యగారూ! వ్యానుకు ఫోన్ చెయ్యండి. పొద్దున్నే రమ్మనండి."

కోరుకున్నది దొరికింది. మిషను మళ్ళీ కిటికీ దగ్గరికి వస్తుంది. కానీ టైలరమ్మకు సంతోషం వెయ్యలేదు, భయం వేసింది. ఈ మనిషి వెళ్ళిపోకూడదు అనిపించింది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేది గానీ, అనిపించడం మాత్రం గట్టిగా అనిపించింది.

"ఆగండి," అందామని తెరవైపు కదిలింది. తడి నేలమీద కాలు జారి, మంచం కోడు పట్టుకుని నిలదొక్కుకుంది. అవతల అయ్యగారు అప్పటికే ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు.

"అవునండీ, రేపే," అంటున్నారాయన. "ఇంటివాళ్ళకు ఇష్టమే. ఆమెకూ ఇష్టమే."